కవరు మీద పేరు, కవరు లోపల ముక్కలు

మన ఇళ్ళల్లో జాకెట్టు కుట్టించుకోవాలంటే ఏం చేస్తాం? బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి సంచీలో వేసుకుని టైలరు దగ్గరికి వెళ్తాం. "ఇదుగో ఆది జాకెట్టు, మెడ మాత్రం అరంగుళం పైకి పెట్టు బాబూ" అని చెప్పి వచ్చేస్తాం. కొలతలూ, కత్తిరింపూ అన్నీ ఆ ఆది జాకెట్టులోనే ఉన్నాయన్నమాట. అమెరికా, ఇంగ్లండు దేశాల్లో ఇంట్లోనే బట్టలు కుట్టుకునే ఆడవాళ్ళకి ఈ ఆది పని చేసిపెట్టింది కాగితం. ముందుభాగం, వెనకభాగం, చెయ్యి, కాలరు అన్నీ విడివిడిగా పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చువేసి, మడతపెట్టి, గౌను బొమ్మ ఉన్న కవర్లో పెట్టి అమ్ముతారు. దాన్నే పేటర్న్ అంటారు. గుడ్డ మీద పరిచి, గుండుసూదులు గుచ్చి, గీత వెంట కత్తిరించి, కవర్లో ఉన్న సూచనల కాగితం ప్రకారం కుట్టుకుంటూ పోవటమే.

ఈ పేటర్న్‌ల సంగతి ఇప్పుడెందుకంటే, మన పాఠకురాలు ఒకావిడ ఉత్తరం రాశారు. కూతురి పురిటికని న్యూజెర్సీ వెళ్ళారట. పక్కింట్లో ఒంటరిగా ఉండే అమెరికన్ పెద్దావిడ ఇల్లు అమ్మేసి వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్నారట. ఈవిడకి కుట్టుపని వచ్చని తెలిసి, అట్టపెట్టె నిండా ఉన్న పాత పేటర్న్‌లు చూపించి, "మొత్తం అయిదు డాలర్లిచ్చి తీసుకుపో" అన్నారట. పైపైన చూస్తేనే మూడు కవర్ల మీద 'వోగ్ పారిస్ ఒరిజినల్' అని ఉందట. అల్లుడుగారు ఫోన్లో వెతికి, "ఇలాంటివి ఒక్కోటి వందల డాలర్లు చెప్తున్నారత్తయ్యా, మాట్లాడకుండా తెచ్చేసుకోండి" అన్నారట. "నాకు మనసొప్పక ఆలోచించి చెప్తానని వచ్చేశాను అక్కయ్యగారూ. ఆవిడ వెళ్ళటానికి ఇంకా నెల ఉంది. ఈ కాగితాలకి నిజంగా అంత విలువుందా? ఉంటే ఆవిడకి చెప్పాలా, అక్కర్లేదా?" ఇదీ ప్రశ్న.

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. ముందు విలువ సంగతి చూద్దాం. అది తేలితే గానీ రెండోది తేలదు.

ఈ కాగితం ఎలా పుట్టింది?

1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్ళో, ఎబెనెజర్ బటరిక్ అనే టైలరు రకరకాల సైజుల్లో కాగితం పేటర్న్‌లు తయారుచేసి అమ్మటం మొదలుపెట్టాడు. అంతకుముందూ కాగితం పేటర్న్‌లు ఉన్నాయి. కానీ అవి ఒకే సైజులో వచ్చేవి. మన సైజుకి మనమే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. పిల్లాడికి గౌను కుడుతూ విసిగిపోయిన బటరిక్ భార్య ఎలెనే, ఇవి సైజులవారీగా దొరికితే ఎంత బాగుండును అన్నదని చెప్పుకుంటారు. ఆ తర్వాత 1870లో జేమ్స్ మెకాల్ అనే మరో టైలరు మెకాల్స్ కంపెనీ పెట్టాడు. 1927లో వచ్చిన సింప్లిసిటీ కంపెనీ 15 సెంట్లకే పేటర్న్ ఇచ్చి, తక్కువ రాబడి ఉన్న ఇళ్ళకి కూడా దాన్ని అందించింది. వోగ్ పత్రిక 1899లోనే పేటర్న్‌లు అమ్మటం మొదలుపెట్టింది. వోగ్ పేటర్న్‌ల వ్యాపారం 1961లో బటరిక్ కంపెనీ చేతికి వచ్చింది. 2017 నాటికి ఈ నాలుగు పేర్లూ ఒకే యజమాని కిందికి చేరాయి.

డిజైనర్ల పేటర్న్ అంటే ఏమిటి?

పెద్ద పెద్ద దర్జీల గౌన్లు పారిస్‌లో చూసి వచ్చి, అలాంటివని చెప్పి పేటర్న్‌లు అమ్మటం పాత అలవాటే. మెకాల్స్ కంపెనీ 1920లలోనే పారిస్ డిజైనర్ల పేర్లతో పేటర్న్‌లు తెచ్చింది. అయితే ఈ సేకరణలో అందరూ ముందుగా చెప్పుకునేది 1949 సంవత్సరం. ఆ ఏడాది వోగ్ కంపెనీ పారిస్ డిజైనర్ల అనుమతి తీసుకుని, వాళ్ళ పేర్లు కవరు మీద వేసి 'పారిస్ ఒరిజినల్' పేటర్న్‌లు విడుదల చేసింది. మొదట్లోనే బాల్మేన్, లాన్విన్, షియాపరెల్లి వంటి పేర్లున్నాయి. తర్వాత ఇటలీ, ఇంగ్లండు డిజైనర్లూ, అమెరికన్ డిజైనర్లూ చేరారు.

అప్పట్లో మామూలు పేటర్న్ అర డాలరు లోపు దొరికేది. పారిస్ ఒరిజినల్ మాత్రం రెండు మూడు డాలర్లు. ఎక్కువే. కానీ అసలు పారిస్ గౌను ధర ముందు అదెంత? ఆఫీసులో టైపిస్టుగా చేసే అమ్మాయి కూడా నెలకింత దాచుకుని, మంచి ఉన్ని గుడ్డ కొనుక్కుని, రాత్రిళ్ళు మిషను తొక్కి ఆ గౌను తనే కుట్టుకోవచ్చు. కవర్లో చిన్న నేత లేబుల్ కూడా పెట్టేవారు, గౌను లోపల కుట్టుకోటానికి. ఆ లేబుల్ ఈరోజుకీ కవర్లోనే ఉంటే పేటర్న్ ధర పెరుగుతుంది.

చరిత్రలో నిలిచిపోయిన గౌన్లు కొన్ని ఇలా కాగితంలోకి దిగాయి. డచ్చి చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మల్ని చూసి, ఈవ్ సెయింట్ లారెంట్ 1965లో గళ్ళ గౌన్లు చేశాడు. ఆ రంగుల గళ్ళు అద్దినవి కావు. ఒక్కో రంగు ముక్క విడిగా కత్తిరించి, నల్లపట్టీలతో కలిపి కుట్టినవి. దానికి వోగ్ వారు పేటర్న్ వేశారు. పొట్టి గౌన్లకి పేరుపడ్డ లండన్ డిజైనర్ మేరీ క్వాంట్ పేటర్న్‌లు 1964 నుంచి బటరిక్ కంపెనీలో వచ్చాయి. 1974లో డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ తెచ్చిన చుట్టుకునే గౌను అమెరికాలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళందరికీ నచ్చింది. దాని పేటర్న్ కూడా వోగ్‌లోనే వచ్చింది. సేకరించేవాళ్ళు వీటికోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. వోగ్ అని ఉన్నంతమాత్రాన అది డిజైనర్ పేటర్న్ కాదు. వోగ్ మామూలు పేటర్న్‌లు కూడా చాలా వేసింది. కవరు మీద డిజైనర్ పేరు విడిగా ఉండాలి. రెండోది, పేరు ఉన్నా అది ఎవరి చెయ్యో ఏడాది చూసి తెలుసుకోవాలి. క్రిస్టియన్ డియోర్ 1957లో పోయాడు. 1960ల కవర్ల మీద డియోర్ అని ఉంటే అది ఆ సంస్థ పేరే గానీ ఆ మనిషి గీసింది కాదు. 1930లలో 'హాలీవుడ్ పేటర్న్' అని సినిమా తారల ఫోటోలతో వచ్చినవి ఉన్నాయి. ఫోటో ఉంది కదా అని ఆ తార గౌను అనుకోకూడదు.

కవరు చూసి కాలం చెప్పటం

మెకాల్స్ కవర్ల మీద చాలావరకు ఏడాది అచ్చువేసి ఉంటుంది. మిగతా కంపెనీలవి అంత తేలిగ్గా దొరకవు. అప్పుడు ఈ గుర్తులు చూడండి.

లోపలి కాగితం మీద అచ్చు ఏమీ లేకుండా, చిన్నా పెద్దా చిల్లులు మాత్రమే ఉంటే అది పాత పద్ధతి పేటర్న్. ఆ చిల్లుల్ని బట్టే టక్కులెక్కడ, మడతెక్కడ అని తెలుసుకునేవారు. మెకాల్స్ 1920లలోనే అచ్చు కాగితానికి మారింది. వోగ్ మాత్రం 1950ల చివరిదాకా చిల్లుల కాగితమే వాడింది.

కంపెనీ అడ్రసులో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే అది 1963 తర్వాతది. అమెరికాలో ఆ కోడ్ మొదలైంది ఆ ఏడాదే.

సైజు చూడండి. 1968 ప్రాంతంలో కంపెనీలన్నీ కలిసి సైజులు మార్చాయి. అప్పటి కవర్ల మీద 'న్యూ సైజింగ్' అని ఉంటుంది. అంతకుముందు 12 సైజంటే ఛాతీ 32 అంగుళాలు. ఆ తర్వాత 34. అంచేత సైజు అంకె నమ్మొద్దు, అంగుళాలు చదవండి. కొనేటప్పుడైనా కుట్టేటప్పుడైనా ఇదే సూత్రం. రెండు మూడు సైజుల గీతలు ఒకే కాగితం మీద ఉంటే అది 1980ల తర్వాతది అయ్యే అవకాశం ఎక్కువ. పాతవి ఒక్కో కవరూ ఒక్కో సైజే.

లోపల ముక్కలు లెక్కపెట్టండి

కవరు ఎంత అందంగా ఉన్నా అది పెట్టె మూత లాంటిదే. సరుకు లోపల ఉంది. సూచనల కాగితంలో ముక్కలన్నీ నంబర్లతోనో అక్షరాలతోనో బొమ్మ గీసి ఉంటాయి. టేబులు మీద పరుచుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ఎక్కువగా పోయేవి చిన్న ముక్కలు. కాలరు, జేబు, బెల్టు, మెడ లోపల వేసే పట్టీ. మెడపట్టీ పోయినా మెడ గీత ఉంది గనుక కుట్టుపని తెలిసినవాళ్ళు గీసుకోగలరు. చెయ్యో, ముందుభాగమో పోతే గీయటం కష్టం. డిజైనర్ గౌన్లలో అయితే మరీ కష్టం. ముక్కల ఆకారాలు మనం ఊహించేట్టు ఉండవు. ఇస్సే మియాకే పేటర్న్‌లో ఒక ముక్క చూసి అది చెయ్యో, వెనకభాగమో చెప్పమంటే చాలామందికి చేతకాదు. సూచనల కాగితం లేకపోతే అన్ని ముక్కలున్నా కుట్టటం చిక్కే.

అసలు కత్తిరించనివాటికి ధర ఎక్కువ. కంపెనీ వేసిన మడతలు అలాగే ఉంటే ఎవరూ విప్పలేదని గుర్తు. అయితే చిల్లుల పేటర్న్‌లు కంపెనీ నుంచే ముక్కలుగా కత్తిరించి వచ్చేవి. వాటిని "కత్తిరించనివి" అని అమ్మేవాళ్ళ మాట పట్టించుకోకండి, మడతలు చూడండి. ఈ మధ్య పాత పేటర్న్‌ల నకళ్ళు కూడా అమ్ముతున్నారు. నకలని చెప్పి తక్కువకి ఇస్తే కుట్టుకోటానికి మంచిదే. అసలు ధర అడిగితే మాత్రం కొనొద్దు. పాత కాగితం పల్చగా, పేలగా, కొంచెం గోధుమరంగు తిరిగి ఉంటుంది.

ధర ఎలా పలుకుతుంది?

పాత పేటర్న్‌లలో ఎక్కువభాగం అయిదు నుంచి ఇరవై డాలర్ల లోపే. పిల్లల బట్టలు, ఏప్రన్లు, 1980ల కోట్లు ఇంకా తక్కువకే వస్తాయి. వందల డాలర్లు పలికేవి కొన్నే. పేరున్న డిజైనరు, పేరున్న గౌను, ముక్కలన్నీ ఉండటం, కవరు చిరగకపోవటం, లేబుల్ ఉండటం, ఇవన్నీ ఒకచోట కలవాలి. సైజుది కూడా పెద్ద పాత్రే. ఛాతీ 30 అంగుళాల పేటర్న్ ఎవరికి సరిపోతుంది చెప్పండి? 38, 40 ఉన్నవాటికి కొనేవాళ్ళు ఎక్కువ, ధరా ఎక్కువ.

అల్లుడుగారు ఫోన్లో చూసినవి బహుశా అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు. అడగటానికేం, ఎంతైనా అడగొచ్చు. ఈబే వంటి చోట్ల అమ్ముడైపోయినవాటిని వేరుగా చూపిస్తారు. అక్కడ చూస్తేనే నిజం ధర తెలుస్తుంది. ఒకే నంబరువి మూడు నాలుగు అమ్మకాలు చూసి, మన దగ్గరున్నదాని పరిస్థితితో పోల్చుకోవాలి. అలా చూస్తే ఆ మూడు పారిస్ ఒరిజినల్స్‌కీ మంచి ధరే రావచ్చు. మిగతా పెట్టెంతా కలిపి కూడా ఒకదానంత రాకపోవచ్చు.

ధరకి అందని విలువ ఇంకోటుంది. పేటర్న్‌లు దాచుకునే వస్తువులుగా తయారైనవి కావు. కేటలాగు నుంచి తీసేస్తే మళ్ళీ అచ్చువెయ్యరు. కొన్నవాళ్ళు కత్తిరించి, కుట్టుకుని, చిరిగాక పారేశారు. 1990ల చివర్లో వోగ్ కంపెనీ తన పాత గౌన్లని 'వింటేజ్ వోగ్' పేరుతో మళ్ళీ తేవాలనుకున్నప్పుడు, పాత పేటర్న్‌లు ఉన్నవాళ్ళు కొన్నాళ్ళకి అరువివ్వండని సేకరించేవాళ్ళని అడగాల్సి వచ్చింది. అంటే తను అమ్మిన కాగితాలు కంపెనీ దగ్గరే పూర్తిగా లేవు, ఎవరో గృహిణి అలమారలో ఉన్నాయి! రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటివి వేలకొద్దీ చేర్చి 'కమర్షియల్ పేటర్న్ ఆర్కైవ్' అని పెట్టారు. దాన్ని నిలబెట్టిన జాయ్ స్పానబెల్ ఎమరీ 2014లో ఈ పేటర్న్‌ల పరిశ్రమ చరిత్రంతా పుస్తకంగా రాశారు. రాణుల గౌన్లు మ్యూజియముల్లో ఉంటాయి. మామూలు ఇల్లాలు ఏం కుట్టుకుందో, ఎలా కుట్టుకుందో చెప్పేవి ఈ కాగితాలే.

మరి ఆ పెద్దావిడకి చెప్పాలా?

చెప్పాలమ్మా. నా మాట అదే.

అల్లుడుగారిని తప్పుపట్టక్కర్లేదు. వీధి అమ్మకంలో ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర బేరమాడి కొనుక్కోవటం వేరు. అక్కడ అమ్మేవాళ్ళు తెలుసుకుని అమ్ముకోవాలి, కొనేవాళ్ళు చూసుకుని కొనుక్కోవాలి. ఇక్కడ ఆవిడ మిమ్మల్ని పిలిచి ఇచ్చింది, మీకు కుట్టుపని వచ్చని. ఆ నమ్మకం మీద వచ్చిన పెట్టె అది. పైగా వృద్ధాశ్రమానికి వెళ్ళే మనిషికి ఆ డబ్బు ఖర్చుకి పనికొస్తుంది. ఆవిడ కడుపున పుట్టినవాళ్ళు ఉంటే, అమ్మ కుట్టిన గౌను తాలూకు కాగితం తమకి కావాలనొచ్చు. ఈ సంగతి రేపు ఎలాగోలా బయటపడితే మీ అమ్మాయికి ఆ వీధిలో మొహం చెల్లదు. బయటపడకపోయినా మీకు తెలుసు కదా. ఆ కవరు తీసినప్పుడల్లా ముల్లులా గుచ్చుకుంటుంది.

మూడు కవర్లూ విడిగా తీసి, "ఇవి ఖరీదైనవి, అమ్ముకుంటే మీకు ఇంత వస్తుంది, కావాలంటే మా వాళ్ళు ఫోన్లో అమ్మిపెడతారు. మిగతావి అయిదు డాలర్లకి నాకివ్వండి" అని చెప్పండి. అన్నీ విన్నాక కూడా "పరవాలేదు, నువ్వే తీసుకో" అంటే నిశ్చింతగా తెచ్చుకోండి. అది బహుమతి అవుతుంది.

ఒక పని మాత్రం మరవకండి. ఆవిడ పక్కన కూర్చుని, ఏది ఏ ఏడాది కుట్టారో, ఏ గుడ్డతో కుట్టారో, ఎవరి పెళ్ళికి వేసుకున్నారో అడిగి, విడి కాగితం మీద రాసి ఆయా కవర్లో పెట్టండి. కత్తిరించి, నడుము దగ్గర పెన్సిల్‌తో దిద్దుకున్న పేటర్న్‌కి బజార్లో ధర తగ్గుతుంది, నిజమే. కానీ ఒక మనిషి ఒంటికి అది ఎలా కుదిరిందో చెప్పేది ఆ దిద్దుబాటే. వాటిని చెరపకండి, పారెయ్యకండి.

తెచ్చుకున్నాక దాచటం, వాడటం

అసలు కాగితం ఎప్పుడూ కత్తిరించకండి. గుడ్డ మీద కూడా పరవకండి. పైన పల్చటి తెల్లకాగితం పెట్టి నకలు గీసుకుని, ఆ నకలుతో కత్తిరించండి. పాత న్యూస్‌పేపరు కింద పెట్టొద్దు, సిరా అంటుకుంటుంది. నలిగిన టిష్యూని బాగా తక్కువ వేడి ఇస్త్రీతో, నీళ్ళు చల్లకుండా సాపు చెయ్యొచ్చు.

చిరిగినచోట సెల్లోటేపు వెయ్యకండి. కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసెయ్యండి, తుప్పు మరక పోదు. ఎండ తగిలే షెల్ఫులో పెట్టొద్దు, కవరు రంగు వెలిసిపోతుంది. మన ఊళ్ళ ఉక్కకి గట్టిగా మూసిన పాలిథీన్ సంచీలో చెమ్మ పట్టి బూజొస్తుంది. ఆసిడ్ లేని కాగితం కవర్లు స్టేషనరీ షాపుల్లో అడిగితే తెప్పిస్తారు. వాటిలో నిలువుగా పెట్టి, అట్టపెట్టెలో సర్ది, పొడిగా ఉండే అలమారలో ఉంచండి. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి, నీడపట్టున గాలి తగలనిచ్చి, వెండిపురుగులు ఉన్నాయేమో చూసుకోండి. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి పెట్టె మూల పెట్టండి, కాగితానికి తగలనివ్వొద్దు.

ఆ గౌన్లు మనం వేసుకోం కదా, ఎందుకూ అంటారేమో. పారిస్ ఒరిజినల్ సూచనల కాగితం చదివితే మంచి టైలరు దగ్గర శిష్యరికం చేసినట్టే. లోపల ఆసరా గుడ్డ ఎలా వెయ్యాలి, బొత్తాం కాజా చుట్టూ గుడ్డతో ఎలా కట్టాలి, ఏ కుట్టు చేత్తో కుడితేనే బాగుంటుంది, అన్నీ బొమ్మలతో ఉంటాయి. మెగ్యార్ చేతులూ, రాగ్లాన్ చేతులూ మన జాకెట్లకి అమర్చుకోవచ్చు. ఆడపిల్లలకి గౌన్లు కుట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మన ఇళ్ళల్లో కూడా ఇలాంటివి లేకపోలేదు. టైలరింగు నేర్చుకున్న రోజుల్లో అమ్మో, అత్తగారో న్యూస్‌పేపరు మీద కత్తిరించి, చుట్టచుట్టి, దారం కట్టి, మిషను సొరుగులో పెట్టుకున్న జాకెట్టు కటింగులు ఉంటాయి. వాటికి బజార్లో ధర లేదు. అయినా సొరుగు దులిపేటప్పుడు చెత్తబుట్టలో వెయ్యకండి. ఎవరి జాకెట్టు, ఏ సంవత్సరం, ఛాతీ ఎంత అని ఓ చీటీ మీద రాసి, దారానికి కట్టి ఉంచండి.

వచ్చేవారం పాత పట్టుచీరల జరీ సంగతి చెప్పుకుందాం.